షాపులో ఎంతసేపైనా ఆడుతుంది, ఇంటికి తెస్తే ఆగిపోతా ఉంది – డెస్క్‌టాప్ క్రాష్

తుమ్మలపెంట_గాలి
ఐ5 10400, హెచ్510 బోర్డు, 8 జీబీ ర్యామ్‌లు రెండు (పాతది 2666, కొత్తది 3200), జీటీఎక్స్ 1650 కార్డు, 256 జీబీ ఎస్ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్క్. ఎస్ఎంపీఎస్ (లోపలి పవర్ సప్లై డబ్బా) క్యాబినెట్‌తో వచ్చిందే, మీద 450 వాట్స్ అని ఉంది. విండోస్ 11. ఊరు కావలి దగ్గర, సముద్రం పక్కన.

ఉన్నట్టుండి టప్పున ఆగి మళ్లీ దానంతటదే ఆన్ అవుతుంది. కొన్నిసార్లు బ్లూ స్క్రీన్ వచ్చి మాయమైపోతుంది, చదివేలోపే రీస్టార్ట్. గేమ్ ఆడేటప్పుడు ఎక్కువ, ఖాళీగా ఉన్నప్పుడు కూడా వస్తా ఉంది. షాపులో ర్యామ్ మార్చారు, తగ్గలేదు. మళ్లీ ఇస్తే అక్కడ రోజంతా బాగా ఆడింది. ఇప్పుడు బోర్డు పోయింది మార్చాలంటున్నారు. మార్చమంటారా?

బ్లూస్క్రీన్_బాబాయ్
ఆగబ్బా, బోర్డు జోలికి పోవద్దు. ముందు కంప్యూటర్ ఏం రాసుకుందో చూడు.

స్టార్ట్ మీద రైట్ క్లిక్, ఈవెంట్ వ్యూయర్, విండోస్ లాగ్స్, సిస్టమ్. సోర్స్ కెర్నల్-పవర్, ఈవెంట్ 41 అని ఎర్రగా ఉంటాయి. ఆ 41 ఉందని చెబితే ఏం తెలీదు, షట్‌డౌన్ సరిగ్గా జరగలేదని మాత్రమే దానర్థం. దాని మీద డబుల్ క్లిక్ చేసి డీటెయిల్స్ ట్యాబ్‌లోకి పోతే బగ్‌చెక్‌కోడ్ అని ఒక అంకె కనిపిస్తుంది. మాకు కావాల్సింది ఆ అంకె. ప్రతి 41కీ రాసుకుని ఇక్కడ పెట్టు, టైముతో సహా. దాని కిందే పవర్‌బటన్‌టైమ్‌స్టాంప్ (పవర్ స్విచ్ పట్టి ఆపితే పడే టైము) ఉంటుంది, అది సున్నానా కాదా అది కూడా చెప్పు.

ఇంకోటి. రన్ బాక్సులో ఎస్‌వైఎస్‌డీఎం డాట్ సీపీఎల్ కొట్టి, అడ్వాన్స్‌డ్, స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్‌లో ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ టిక్ తీసెయ్. ఇకనుంచి బ్లూ స్క్రీన్ వస్తే నువ్వు చదివేదాకా అట్టాగే నిలబడుతుంది.

సింపుల్_సొల్యూషన్
ఇంత అవసరమా అన్నా? ఫార్మాట్ కొట్టేస్తే సగం రోగాలు పోతాయి.

బ్లూస్క్రీన్_బాబాయ్
షాపులో రోజంతా ఆడిన విండోస్, ఇంట్లో పెట్టిన విండోస్ ఒకటే కదా. సాఫ్ట్‌వేర్ తప్పైతే అక్కడ కూడా క్రాష్ అయ్యుండాలి. పైగా ఫార్మాట్ కొడితే లాగ్ మొత్తం పోతుంది, ఉన్న ఒక్క ఆధారం కూడా చేజారుతుంది.

పెన్నా_ఒడ్డు
బాబాయ్ మాటే నా మాట. ర్యామ్ తేడాగా ఉన్నప్పుడు విండోస్ ఇన్‌స్టాల్ చేస్తే కాపీ అయ్యే ఫైళ్లే పాడవుతాయి, ఇంకో రోగం అంటుకుంటుంది. ఫార్మాట్ ఎప్పుడైనా ఆఖర్న.

తుమ్మలపెంట_గాలి
చూశా. 41లు చాలా ఉండాయి. ఎక్కువ వాటికి బగ్‌చెక్‌కోడ్ 0. కొన్నింటికి 26, కొన్నింటికి 80. పవర్‌బటన్ అన్నింటికీ సున్నానే. 0 ఉన్నవి ఎక్కువగా తెల్లవారుజామున, సాయంత్రం ఆరు దాటాక. 26, 80లకు టైమంటూ లేదు.

మల్టీమీటర్_ఒంగోలు
సగం పని అయిపోయింది. నీ దగ్గర ఉన్నది ఒక సమస్య కాదు, రెండు. షాపోళ్లు రెండింటినీ కలిపి చూడబట్టే ఏది మార్చినా తగ్గలేదు.

కోడ్ 0 అంటే విండోస్‌కు బ్లూ స్క్రీన్ వేసే వ్యవధి కూడా దొరకలేదు. కరెంటు ఒక్కసారిగా పోయింది, లేదా బోర్డుకు రీసెట్ అందింది. గోడ సాకెట్ నుంచి ఎస్ఎంపీఎస్ దాకా వెతకాలి.

26, 80 అంటే విండోస్ తప్పు పట్టుకుని తనంతట తానే ఆపేసింది. అక్కడ కోడ్ మామూలు అంకెల్లో చూపిస్తారు. 26 మెమరీ మేనేజ్‌మెంట్, 80 పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా. ఈ రెండూ ఒకే మెషీన్లో మార్చి మార్చి వస్తే నేను మొదట ర్యామ్ దారినే చూస్తా. ఒకే కోడ్, ఒకే డ్రైవర్ పేరు పదే పదే వస్తే డ్రైవర్ని అనుమానించొచ్చు.

చదివే మిగతావాళ్ల కోసం: 292 వస్తే హార్డ్‌వేరే నేరుగా తప్పు చెప్పిందని (ప్రాసెసర్, వోల్టేజ్, ఓవర్‌క్లాక్). 278 గ్రాఫిక్స్ డ్రైవర్ లేదా కార్డు. 122 డిస్కు నుంచి చదవలేకపోయిందని, ముందు సాటా కేబుల్ మార్చి చూడాలి.

గాలి, ముందు ఎస్ఎంపీఎస్ మీద స్టిక్కర్ ఫోటో తియ్. 450 అని పెద్దక్షరాల్లో రాసింది వదిలెయ్. +12వీ గడి కింద ఎన్ని ఆంపియర్లు రాసుంది? ఇన్‌పుట్ దగ్గర ఎన్ని వోల్టులు?

తుమ్మలపెంట_గాలి
+12వీ 16ఏ. ఇన్‌పుట్ 200-240వీ.

మల్టీమీటర్_ఒంగోలు
12ని 16తో గుణిస్తే 192 వాట్స్. నీ ప్రాసెసర్ పేరుకు 65 వాట్స్, కానీ బూస్ట్‌లో కాసేపు 134 దాకా లాగడానికి ఇంటెల్ అనుమతిస్తుంది. కార్డు 75. ఆ రెండే 209. ఫ్యాన్లు, హార్డ్ డిస్కు మోటారు కూడా 12 వోల్టుల మీదే తిరుగుతాయి. గేమ్‌లో ఎందుకు ఎక్కువ ఆగుతుందో ఇక్కడే తెలిసిపోతా ఉంది.

ఖాళీగా ఉన్నప్పుడు ఆగేదానికి కారణం ఆ 200-240లో ఉంది. మంచి ఎస్ఎంపీఎస్‌ల మీద 100-240 అని ఉంటుంది, యాక్టివ్ పీఎఫ్‌సీ సర్క్యూట్ (లైను నుంచి కరెంటు లాగే తీరు సరిదిద్దేది) ఉంటుంది, లైను 150కి పడినా లోపల సర్దుకుంటుంది. నీది 200 కంటే కిందికి పోతే హామీ లేదు. మీ ఇంట్లో సాయంత్రం వోల్టేజ్ ఎంతుంటుంది?

రొయ్యసాగు_అల్లూరు
తెల్లవారుజామున, సాయంత్రం ఆరు దాటాక అన్నాడు కదా. మీ చుట్టుపక్కల రొయ్యల చెరువులున్నాయా? రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేముందు మరీ తక్కువ. అందుకే చీకటి పడ్డాక ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) వరసగా వేస్తారు. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. అదే లైను మీద ఉన్న ఇళ్లలో బల్బు ఒక్కసారి గుంజుకున్నట్టు అయి మళ్లీ వెలుగుతుంది. మా అల్లూరు వైపు ఇది మామూలే.

తుమ్మలపెంట_గాలి
చెరువుల మధ్యలోనే ఇల్లు. బల్బు గుంజుకునేది నిజమే, అప్పుడప్పుడు ఇన్వర్టర్ కూడా టక్కుమంటుంది. కంప్యూటర్ ఇన్వర్టర్ లైను మీదే ఉంది కదా, ఇంక వోల్టేజ్ బాధ ఎందుకు?

రొయ్యసాగు_అల్లూరు
ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్ చూడు, యూపీఎస్ / నార్మల్ అని (కొన్నింటి మీద ఎకో అని) ఉంటుంది. ఏ వైపుంది?

తుమ్మలపెంట_గాలి
నార్మల్.

మల్టీమీటర్_ఒంగోలు
అదీ సంగతి. నార్మల్ మోడ్‌లో ఇన్వర్టర్ లైను కరెంటును సుమారు 100 వోల్టుల దాకా పడినా అట్టాగే ఇంట్లోకి వదుల్తుంది. ఫ్యాన్లకు, లైట్లకు పర్వాలేదు, బ్యాటరీ ఆదా. నీ ఎస్ఎంపీఎస్ మాత్రం తట్టుకోలేదు. పైగా కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీదికి మారడానికి ఈ మోడ్‌లో 40 మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు.

యూపీఎస్ మోడ్‌లో 180కి తగ్గితే బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది, మారే సమయం పది పదిహేను మిల్లీసెకన్లు. సరైన ఎస్ఎంపీఎస్ పూర్తి లోడ్ మీద 16 మిల్లీసెకన్ల పాటు తనలో నిల్వ ఉన్న కరెంటుతో నెట్టుకురావాలని ఏటీఎక్స్ (డెస్క్‌టాప్ సప్లైల ప్రమాణం) డిజైన్ గైడులో ఉండేది. మన కరెంటు ఒక ఆవృతికే 20 మిల్లీసెకన్లు. ఇక్కడ తేడాలు అంత సన్నగా ఉంటాయి. చౌక సప్లైలో లోపలి పెద్ద కెపాసిటర్ చిన్నదే వేస్తారు, అది కూడా వేడికి ఎండిపోతా వస్తుంది.

ఈ రాత్రికే స్విచ్ యూపీఎస్ వైపు పెట్టు. పైసా ఖర్చు లేదు. మాన్యువల్లో ఆఫ్ చేసి మార్చమని ఉంటే ఆఫ్ చేసే మార్చు.

ఉలవపాడు_తోట
స్టెబిలైజర్ పెడితే సరిపోదా? ఏసీకి పెట్టినట్టు.

మల్టీమీటర్_ఒంగోలు
వద్దు. రిలే స్టెబిలైజర్ ట్యాప్ మారేటప్పుడు కొన్ని మిల్లీసెకన్లు కరెంటు తెగుతుంది. కంప్రెసర్‌కు అది లెక్క కాదు, ఇతని కంప్యూటర్‌కు ఇంకో రీస్టార్ట్ తోడవుతుంది.

మొలగొలుకులు
విడిగా 600 వీఏ యూపీఎస్ కొనుక్కోమని చెప్పండి. ఇన్వర్టర్ మీద కంప్యూటర్ పెట్టడమే నాకు నచ్చదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే మరీ ఘోరం, సప్లై గుయ్యిమంటా ఉంటుంది.

మల్టీమీటర్_ఒంగోలు
స్క్వేర్ వేవ్ గురించి ఒప్పుకుంటా. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ యూపీఎస్ మోడ్‌లో ఉంటే మాత్రం ఇబ్బంది లేదు. 600 వీఏ యూపీఎస్ అంటే 360 వాట్సే, లోపల 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటే. సేవ్ చేసి ఆపుకోవడానికి సరిపోతుంది. అవి కూడా బ్యాటరీ మీద అసలు సైన్ వేవ్ ఇవ్వవు, మెట్లు మెట్లుగా ఇస్తాయి. కొన్ని యాక్టివ్ పీఎఫ్‌సీ సప్లైలకు అది పడక కరెంటు పోగానే ఆగిపోతాయి. కొనేముందు ఆ జోడీ షాపులోనే ప్లగ్ పీకి చూసుకోవాలి.

తుమ్మలపెంట_గాలి
మోడ్ మార్చా. 0 కోడ్‌లు బాగా తగ్గినయ్. గేమ్ పెడితే మాత్రం ఇంకా ఆగుతా ఉంది. యూట్యూబ్‌లో పచ్చ వైరు, నల్ల వైరు కలిపి ఎస్ఎంపీఎస్ టెస్ట్ చూపించారు, ఫ్యాన్ తిరిగితే బాగున్నట్టే అన్నారు. నాది తిరుగుతా ఉంది.

బ్లూస్క్రీన్_బాబాయ్
ఆ టెస్ట్‌తో సప్లై పూర్తిగా చచ్చిందా లేదా అన్నదే తెలుస్తుంది. లోడ్ లేకుండా ఫ్యాన్ తిరగడానికి ఏం బలం కావాలి?

మల్టీమీటర్_ఒంగోలు
కొలవాలంటే గేమ్ నడుస్తుండగా కొలవాలి. ఖాళీగా ఉన్న మోలెక్స్ (నాలుగు పిన్నుల) కనెక్టర్‌లో పసుపు-నల్ల మధ్య 12, ఎరుపు-నల్ల మధ్య 5. అయిదు శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 11.4 నుంచి 12.6, 4.75 నుంచి 5.25. మీటర్ మొన రెండు పిన్నులకు ఒకేసారి తగలకుండా చూసుకో. 12 వోల్టులది లోడ్ పడగానే 11.5 దగ్గరికి జారితే ఆ సప్లై తీసేయాల్సిందే. జారకపోయినా పూర్తిగా నమ్మలేం, మిల్లీసెకన్లలో పడి లేచేదాన్ని మామూలు మీటర్ చూపించలేదు.

ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లో 320 వోల్టుల దాకా డీసీ నిలిచి ఉండొచ్చు.

చీమకుర్తి_గెలాక్సీ
వేడి సంగతి ఎవరూ అడగలేదు. మే నెలలో మా చీమకుర్తిలో మధ్యాహ్నం గదే నలభై దాటుతుంది. దానికి తోడు గ్రానైట్ దుమ్ము హీట్‌సింక్‌లో పేరుకుని మందంగా పొరకడుతుంది. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో పెట్టి టెంపరేచర్ చూడమనండి.

పెన్నా_ఒడ్డు
చూడటం మంచిదే. కానీ 80, 85 వచ్చిందని దానివల్లే క్రాష్ అనుకోవద్దు. ఈ ఇంటెల్ చిప్‌లు 100 దగ్గర తమంతట తామే స్పీడ్ తగ్గించుకుంటాయి. వేడికి ముందు నెమ్మదిస్తుంది, కూలర్ పూర్తిగా ఊడిపోతేనో ఫ్యాన్ ఆగిపోతేనో తప్ప టప్పున ఆగదు. ఇంటెల్ కూలర్‌తో వచ్చే తెల్ల ప్లాస్టిక్ పిన్నులు నాలుగూ బోర్డు వెనక దాకా దిగాయా చూడండి. ఒకటి లేచినా ఒక పక్క గాలి సందు ఏర్పడుతుంది. బిగించేటప్పుడు ఎదురెదురు మూలలు నొక్కాలి, ప్రాసెసర్ మీద పూసే పేస్టు బఠాణీ గింజంత చాలు.

చీమకుర్తి_గెలాక్సీ
ప్రాసెసర్ వరకు ఒప్పుకుంటా. ఎస్ఎంపీఎస్‌కు వేడి ఊరికే పోదు. కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి పది డిగ్రీలకు దాదాపు సగమవుతుందని లెక్క. దుమ్ము మూసుకున్న సప్లై ఎండాకాలంలోనే ఎక్కువ చస్తుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, విచ్చలవిడిగా తిరిగితే బేరింగ్ పోతుంది.

పెన్నా_ఒడ్డు
ఎస్ఎంపీఎస్ విషయం సరే, అది నిజం.

సింగరాయకొండ_సిగ్నల్
ఎర్తింగ్ చూసుకున్నారా? క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుందా?

తుమ్మలపెంట_గాలి
అవును! చెప్పులు లేకుండా ముట్టుకుంటే సన్నగా కొడుతుంది.

సింగరాయకొండ_సిగ్నల్
అయితే ఎర్త్ లేదు, లేదా యాడో తెగింది. సప్లై లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి డబ్బాకు కలిపి ఉంటాయి. ఎర్త్ లేకపోతే డబ్బా మీద లైనులో సగం వోల్టేజ్ తేలుతుంది, కరెంటు సన్నది కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ కనెక్టర్లు ఆన్‌లో ఉండగా పెట్టి తీస్తే పోర్టులు పోయేది ఇందువల్లే.

ఎలక్ట్రీషియన్ని పిలిచి సాకెట్లో కొలిపించు. ఫేజు-న్యూట్రల్ ఎంతుందో ఫేజు-ఎర్త్ కూడా దాదాపు అంతే ఉండాలి, న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఉప్పుగాలికి ఎర్త్ గుంటలో క్లాంపు తుప్పు పట్టి వదులవుతుంది, అక్కడే మొదట చూడమను. ప్లగ్ కూడా పట్టుకుని చూడు, వెచ్చగా ఉంటే సాకెట్లో లూజు ఉంది. స్పైక్ బస్టర్ ఉంటే తీసి నేరుగా గోడకు పెట్టి చూడు.

ఉలవపాడు_తోట
రీసెట్ బటన్ కూడా. సముద్రం పక్కన ఊళ్లలో క్యాబినెట్ ముందు స్విచ్‌లు లోపల తుప్పు పట్టి వాటంతటవే తగులుకుంటాయి. బోర్డు మీద రీసెట్ వైరు పీకేసి వాడి చూడండి, అది లేకపోయినా కంప్యూటర్ నడుస్తుంది.

బ్లూస్క్రీన్_బాబాయ్
మంచి మాట. పవర్ స్విచ్ కాదని పవర్‌బటన్‌టైమ్‌స్టాంప్ సున్నా ఉండటంతో చాలావరకు తేలిపోయింది. రీసెట్ స్విచ్ నొక్కితే మాత్రం లాగ్‌లో ఏమీ పడదు, కాబట్టి పీకి చూడాల్సిందే.

ఇక 26, 80ల సంగతి. గాలి, మెమ్‌టెస్ట్86 (ర్యామ్ పరీక్షించే ప్రోగ్రామ్) పెన్ డ్రైవ్‌లో వేసి బూట్ చెయ్. ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌ల దాకా పోతుంది, 16 జీబీకి గంటల తరబడి పడుతుంది, రాత్రి పెట్టి పడుకో. కరెంటు సంగతి తేలాక చేస్తే మధ్యలో ఆగకుండా ఉంటుంది. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే, ‘రెండే కదా’ అనుకోవద్దు.

ఎర్రర్ వస్తే ఒక్కొక్క ర్యామ్‌నూ ఒక్కొక్క స్లాట్‌లో పెట్టి విడివిడిగా టెస్ట్ చెయ్. రెండు ర్యామ్‌లు, రెండు స్లాట్లు, నాలుగు సార్లు. ఎర్రర్ ర్యామ్ వెంట పోతే ర్యామ్ తప్పు. ఏ ర్యామ్ పెట్టినా ఒకే స్లాట్‌లో వస్తే స్లాట్ తప్పు, లేదా ప్రాసెసర్ సాకెట్‌లో పిన్ను వంగింది.

మొలగొలుకులు
2666, 3200 కలపబట్టే ఈ గొడవ కాదా?

బ్లూస్క్రీన్_బాబాయ్
10400 మీద రెండూ 2666కే నడుస్తాయి. టైమింగ్‌లు పడని జోడీలు ఉంటాయి, కాదనను. అట్టాంటిదైతే విడివిడిగా పాసై, కలిపి పెడితేనే ఫెయిల్ అవుతుంది. అందుకే విడిగా పెట్టమనేది.

తుమ్మలపెంట_గాలి
టెస్ట్ అయింది. ప్రాసెసర్‌కు దగ్గరున్న స్లాట్‌లో ఏ ర్యామ్ పెట్టినా ఎర్రర్లు వస్తా ఉండాయి. దూరం స్లాట్‌లో రెండూ పాస్. ఇంతకీ బోర్డే పోయిందా?

బ్లూస్క్రీన్_బాబాయ్
షాపులో ర్యామ్ మార్చినా తగ్గకపోవడానికి కారణం దొరికింది. బోర్డు మార్చేముందు స్లాట్ శుభ్రం చెయ్.

ప్లగ్ తీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకో, మొబైల్ రిపేరు సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్ వద్దు, అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. మెత్తటి బ్రష్ తడిపి స్లాట్ పొడవునా నాలుగైదు సార్లు లాగు, గుచ్చొద్దు. ర్యామ్ బంగారు అంచును తెల్ల రబ్బరుతో సన్నగా రుద్ది, పొడి పోయేలా అదే ఆల్కహాల్‌తో తుడువు. పూర్తిగా ఆరాక పెట్టు. రెండు చివర్లా టక్‌మని శబ్దం రావాలి. ఒక పక్క గొళ్లెం కదలని రకం స్లాట్లలో ఆ వైపు సగమే దిగి ఉండిపోతుంది, గమనించు.

అప్పటికీ ఎర్రర్లు వస్తే ప్రాసెసర్ తీసి సాకెట్ పిన్నులు టార్చి వేసి చూడాలి. అది చేయి అలవాటున్న వాళ్లతోనే చేయించు.

తుమ్మలపెంట_గాలి
స్లాట్‌లో ఆకుపచ్చగా సన్నటి పొర వచ్చింది బ్రష్‌కు. తుడిచి ఆరబెట్టి పెడితే నాలుగు పాస్‌లూ ఒక్క ఎర్రర్ లేకుండా అయిపోయినయ్. ఎర్త్ క్లాంపు కూడా విరిగే ఉంది, కొత్తది వేయించా, జివ్వుమనడం పోయింది. ఎస్ఎంపీఎస్ ఏది తీసుకోమంటారు?

మల్టీమీటర్_ఒంగోలు
80 ప్లస్ (కరెంటు వృథా తక్కువని చెప్పే) సర్టిఫికెట్ ఉన్న 450 లేదా 500 వాట్స్ ఏదైనా. స్టిక్కర్ మీద మూడు చూసుకో: ఇన్‌పుట్ 100-240, +12వీ ఒక్కదాని మీదే 400 వాట్స్‌కు దగ్గరగా, వారంటీ మూడేళ్లకు తగ్గకుండా. పాత దాని కేబుళ్లు కొత్తదానికి వాడొద్దు, మాడ్యులర్ (కేబుళ్లు ఊడొచ్చే రకం) వాటిలో పిన్నుల వరస కంపెనీకో రకం. పాత సప్లైని ఇంకో కంప్యూటర్‌కు తగిలించొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు.

మార్చాక ఒకసారి అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిజమ్ రీస్టోర్‌హెల్త్, తర్వాత ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ నడుపు. ఇన్నిసార్లు మధ్యలో ఆగిపోయిన విండోస్‌లో ఫైళ్లు దెబ్బతిని ఉండొచ్చు. ఆ వరసలోనే, ఎస్ఎఫ్‌సీ బాగుచేయడానికి వాడే నిల్వను డిజమ్ ముందు సరిచేస్తుంది.

తుమ్మలపెంట_గాలి
550 వాట్స్ది పెట్టా. ఎస్ఎఫ్‌సీ కొన్ని ఫైళ్లు బాగుచేసిందని చెప్పింది. చెరువు మోటార్లు వేసే టైములో గేమ్ నడిపి చూశా, ఆగలేదు. 41 కొత్తవి పడలేదు. బోర్డు డబ్బులు మిగిలినయ్, అందరికీ దండాలు.

దర్గామిట్ట_డెస్క్
ఇదే థ్రెడ్‌లో అడగొచ్చా? నాది రైజెన్ 2600. పని చేసేటప్పుడు ఏం కాదు. కదిలించకుండా వదిలేస్తే బిగుసుకుపోతుంది, మౌస్ కూడా కదలదు, స్విచ్ పట్టి ఆపాలి. 41లో కోడ్ 0, పవర్‌బటన్‌టైమ్‌స్టాంప్‌లో మాత్రం పెద్ద అంకె ఉంది.

బ్లూస్క్రీన్_బాబాయ్
ఆ అంకె నువ్వు స్విచ్ పట్టుకున్నప్పటిదే, కాబట్టి కరెంటు పోలేదు, నిజంగానే బిగుసుకుంది. పాత రైజెన్‌లలో ఇది తెలిసిన లక్షణం. ఖాళీగా ఉన్నప్పుడు ప్రాసెసర్ మరీ తక్కువ కరెంటు తీసుకుంటుంది, కొన్ని సప్లైలు అంత తక్కువ దగ్గర నిలకడగా ఉండలేవు. బయోస్‌లో (విండోస్ రాకముందు తెరిచే బోర్డు సెట్టింగ్స్) అడ్వాన్స్‌డ్, ఏఎండీ సీబీఎస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అని వెతుకు. ఆటోలో ఉంటుంది, టిపికల్ కరెంట్ ఐడిల్‌కు మార్చి సేవ్ చెయ్. ఆ ఐచ్ఛికం కనిపించకపోతే బయోస్ అప్‌డేట్ చెయ్, కరెంటు నిలకడగా ఉన్న టైములో. ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను వేగంగా నడిపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే అది కూడా ఆపి చూడు, కానీ రెండూ ఒకేసారి మార్చొద్దు, ఏది పనిచేసిందో తెలీదు.

దర్గామిట్ట_డెస్క్
సీబీఎస్‌లో కనిపించింది, ఆటోలోనే ఉంది. మార్చి రాత్రంతా వదిలేస్తా.

మల్టీమీటర్_ఒంగోలు
స్లీప్ ఆఫ్ చేసి వదులు. లేకపోతే నిద్రపోయిందో బిగుసుకుందో పొద్దున తేల్చుకోలేవు.